ఎంసెట్ వెబ్ ఆప్షన్లలో పెద్ద కాలేజీలు పైన పెడితే వచ్చే సీటు పోతుందా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. మీది సిద్దిపేట జిల్లాలో పల్లె. అమ్మాయికి తెలంగాణ ఎంసెట్ ఇంజినీరింగ్‌లో 28 వేల పైచిలుకు ర్యాంకు వచ్చింది, బీసీ-డీ. నెట్ సెంటర్ అబ్బాయేమో "మీ ర్యాంకుకు వచ్చే కాలేజీలే ఓ పదిహేను పెడదాం, పెద్ద కాలేజీలు పైన పెడితే ఆప్షన్లు వేస్ట్, వచ్చే సీటు కూడా పోతుంది" అంటున్నాడు. ఇంకోపక్క కన్సల్టెన్సీ ఆయన "కన్వీనర్‌లో మీకు సీఎస్ఈ రాదు, ఇప్పుడే లక్ష కట్టండి, మేనేజ్‌మెంట్ సీటు పట్టి పెడతా" అంటున్నాడు. (కన్వీనర్ అంటే ఎంసెట్ ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీటు, మేనేజ్‌మెంట్ అంటే కాలేజీయే నింపుకునేది, సీఎస్ఈ అంటే కంప్యూటర్ సైన్స్.) అసలు సీట్లు ఎలా ఇస్తారు, ఎవరి మాట నమ్మాలి అని అడిగారు.

ఇద్దరి మాటా నమ్మకండి. పెద్ద కాలేజీ పైన పెట్టినందుకు కింది కాలేజీలో సీటు పోదు. అమ్మాయికి ఏది అన్నిటికంటే ఇష్టమో అది ఒకటో నంబరు, దాని తర్వాతది రెండు, అలా పెట్టుకుంటూ పోండి. పదిహేను దగ్గర ఆపకండి. మేనేజ్‌మెంట్ సీటు కోసం ఇప్పుడు ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను. అంతా చదివే ఓపిక లేకపోతే రెండో విడత గురించి, ఫీజు గురించి రాసిన భాగాలైనా చూడండి. సీటు పోయేదీ డబ్బు పోయేదీ అక్కడే.

నేను ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. కౌన్సెలింగ్ రోజుల్లో మా కాలేజీయే హెల్ప్‌లైన్ సెంటర్. చాలా ఏళ్లు సర్టిఫికెట్ల వెరిఫికేషన్ టేబుల్ దగ్గర కూర్చున్నాను. పరీక్ష పేరు తెలంగాణలో 2024 నుంచి ఈఏపీసెట్ అయింది గానీ, టేబుల్ అవతల నిలబడే తల్లిదండ్రుల నోట నేనెప్పుడూ ఎంసెట్ అనే విన్నాను. ఇక్కడా అదే రాస్తాను.

సీటు ఇచ్చేది మనిషి కాదు, కంప్యూటర్. అది చేసే పని చాలా సాదా. ఒకటో ర్యాంకు నుంచి మొదలుపెడుతుంది. ఆ పిల్లవాడి జాబితా పైనుంచి చదివి, ఖాళీ ఉన్న మొదటి ఆప్షన్ ఇచ్చేసి రెండో ర్యాంకుకు వెళుతుంది. మీ అమ్మాయి వంతు వచ్చేసరికి ఆమె కంటే ముందున్నవాళ్లందరికీ సీట్లు పంచడం అయిపోయి ఉంటుంది. అప్పుడు ఆమె జాబితా తీస్తుంది. ఒకటో ఆప్షన్‌లో ఆమెకు వర్తించే సీటు ఏదైనా మిగిలి ఉందా? ఓపెన్ సీటు గానీ, ఆడపిల్లల కోటాలో గానీ, బీసీ-డీలో గానీ? లేదా, రెండో ఆప్షన్. అదీ లేదా, మూడోది. అరవయ్యో ఆప్షన్ దాకా వెళ్లాల్సి వచ్చినా సరే, అరవై చూసేదాకా ఆమె తర్వాతి ర్యాంకు వాళ్ల దగ్గరికి కదలదు.

మిఠాయి దుకాణం దగ్గర లైను అనుకోండి. లైన్లో మీ చోటు మీ ర్యాంకు. చేతిలో ఉన్న చీటీ మీ ఆప్షన్లు. కౌంటర్ దగ్గరికి వచ్చాక అతను మీ చీటీ పైనుంచి చదువుతాడు. బాదుషా అయిపోయిందంటే మైసూర్‌పాక్ ఉందేమో చూస్తాడు. చీటీలో బాదుషా మొదట రాశారని మిమ్మల్ని లైను చివరికి పంపడు. నెట్ సెంటర్ అబ్బాయి అనుకుంటున్నది మాత్రం అదే. "ఆ కాలేజీని ఫస్ట్ ఆప్షన్‌గా పెట్టినవాళ్లకే ముందు ఇస్తారు, మనం ఇరవయ్యోదిగా పెడితే మనకంటే వెనక ర్యాంకు వాడు దాన్ని ఫస్ట్ పెట్టి ఎగరేసుకుపోతాడు" అనే భయం ఊరూరా ఉంది. అలా జరగదు. మీకంటే వెనక ఉన్నవాడు మీరు ముందుగా ఏదో ఒకటి తీసుకున్నాకే కౌంటర్ దగ్గరికి వస్తాడు. (రిజర్వేషన్ కోటాల్లో ఎవరి లైను వారిది, ఆ తేడా ఒక్కటే.)

కాబట్టి ర్యాంకు సంగతి కంప్యూటర్ చూసుకుంటుంది. దానికి తెలియనిది మీ ఇష్టం ఒక్కటే, దాన్ని సరిగ్గా వరుసలో చెప్పడమే మీ పని. ఓయూ, కూకట్‌పల్లి జేఎన్టీయూ, సీబీఐటీ, వాసవి, ఏవి కావాలనుకుంటే అవి పైన పెట్టండి. రాకపోతే రావు, ఖర్చేమీ లేదు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు, మా ఇంట్లోనే దెబ్బ తిని చెబుతున్నాను. మా అక్క కొడుక్కి ఆప్షన్లు పెట్టించింది నేనే. ముందటి ఏడాది చివరి ర్యాంకుల పట్టిక (ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో చూపేది) ముందేసుకుని, వాడికి ఇష్టమైన ఒక కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బ్రాంచి) దాదాపు రెండు వేల ర్యాంకుల ముందే ఆగిపోయిందని చూసి, "ఇది దండగరా, తీసేయ్" అన్నాను. వాడు నా మాట విన్నాడు. ఆ ఏడాది ఆ కాలేజీకి ఇంకో సెక్షన్ అనుమతి వచ్చింది. చివరి ర్యాంకు వాడిది దాటి ఇంకా కిందికి పోయింది. వాడు పెట్టి ఉంటే వచ్చేది. వెరిఫికేషన్ ఆఫీసర్ మామయ్య ఇచ్చిన సలహా అని ఇప్పటికీ పండగలకు కలిసినప్పుడు గుర్తు చేస్తాడు. అందుకే పాత పట్టిక చూసి ఏ ఆప్షనూ కొట్టేయకండి. ఎంత కింది దాకా పెట్టాలో తెలుసుకోవడానికి మాత్రమే ఆ పట్టికను వాడండి.

చివరి ర్యాంకులు మారడానికి కారణాలు చాలా. బ్రాంచికి ఇన్ని సీట్లే ఉండాలన్న పరిమితిని సాంకేతిక విద్యను చూసే జాతీయ సంస్థ ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది. కాలేజీలు సీఎస్ఈ సీట్లు పెంచమని అడుగుతున్నాయి, ప్రభుత్వం ఎన్నిటికి ఒప్పుకుంటుందనేది కౌన్సెలింగ్ ముంగిట గానీ తేలదు. సివిల్, మెకానికల్ తగ్గించి సీఎస్ఈ, ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్ చేసుకుంటున్న కాలేజీలూ ఉన్నాయి. కొన్ని కాలేజీలు ప్రైవేటు యూనివర్సిటీలుగా మారిపోయాయి. తెలంగాణలో ప్రైవేటు యూనివర్సిటీకి కన్వీనర్ కోటా లేదు, అంటే నిరుడు జాబితాలో ఉన్న పేరు ఈసారి ఉండకపోవచ్చు.

పట్టిక చదివేటప్పుడు చాలామంది ఓసీ గడి చూసి బెంబేలెత్తిపోతారు. మీరు చూడాల్సింది బీసీ-డీ, అందులో అమ్మాయిల గడి. ఆడపిల్లలకు ప్రతి కేటగిరీలో మూడో వంతు సీట్లు ఉంటాయి. బీసీ-డీకి 7 శాతం. మొదటి విడత పట్టిక చూస్తున్నారా, చివరి విడతదా అన్నది కూడా గమనించండి, రెండింటికీ తేడా బాగానే ఉంటుంది.

ఎన్ని పెట్టాలి అంటే, నా లెక్కలో మీ ర్యాంకుకు ఎనభై నుంచి వంద. పరిమితి లేదు. ఒక ఏడాది ఒక కుర్రాడు మంచి ర్యాంకుతో, నాకు గుర్తున్నంత వరకు ఆరు వేల లోపే, మొదటి విడతలో సీటు రాక మా సెంటర్‌కు వచ్చాడు. నమ్మలేక ప్రింట్ అడిగి చూశాను. పన్నెండు ఆప్షన్లు, అన్నీ సీఎస్ఈ, అన్నీ నగరంలో పేరున్న కాలేజీలే. "మంచి ర్యాంకు కదా, ఇవి చాలు" అన్నారట ఎవరో. పైకి ఎక్కువ పెట్టడం వల్ల నష్టం లేదు. కిందికి తక్కువ పెట్టడం వల్ల నష్టం ఇలా ఉంటుంది. అయితే అమ్మాయి చచ్చినా చేరనన్న కాలేజీ ఉంటే అది మాత్రం పెట్టకండి. వచ్చాక బాధపడే ఆప్షన్ కంటే రాని సీటు నయం.

ముందు తెల్ల కాగితం మీద రాసుకోండి. మూడు రోజులు ఇంట్లో అటూ ఇటూ మార్చండి. ఆ తర్వాతే కంప్యూటర్. కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్ పక్కనే రాసుకోండి, ఎందుకంటే ఒకే గ్రూపుకు ఒకే రకం పేర్లతో మూడు నాలుగు కాలేజీలుంటాయి. ఒకటి మంచిది, ఒకటి మొన్న పెట్టింది, ఒకటి ఊరికి నలభై కిలోమీటర్ల అవతల. పేరు చూసి పెట్టి, సీటు వచ్చాక అది వేరే క్యాంపస్ అని తెలిసి నెత్తి పట్టుకున్నవాళ్లను చూశాను.

2025 నుంచి తెలంగాణలో మాక్ అలాట్‌మెంట్ కూడా ఇస్తున్నారు. అసలు కేటాయింపుకు ముందే, మీరు పెట్టిన ఆప్షన్లతో ఏ సీటు వచ్చేలా ఉందో చూపిస్తారు, చూశాక మార్చుకునే గడువు ఉంటుంది. మంచి సదుపాయం. కానీ ఇందులో ఒక చిక్కుంది. మాక్‌లో వచ్చిన సీటు చూసి అందరూ మార్చుకుంటారు కాబట్టి అసలులో అదే వస్తుందన్న గ్యారంటీ లేదు. మాక్‌లో ఏ సీటూ రాకపోతే జాబితా చిన్నదని అర్థం, ఇంకో నలభై చేర్చండి. ముప్పయ్యోది వచ్చిందనుకోండి, పైన ఉన్న ఇరవై తొమ్మిదిని తీసేయకండి.

ఇక బ్రాంచా, కాలేజీనా అన్న గోల. సీఎస్ఈ అనే మూడక్షరాల కోసం నిన్న మొన్న పెట్టిన కాలేజీని, మంచి కాలేజీలో ఈసీఈ, ఈఈఈ (ఎలక్ట్రికల్) కంటే పైన పెట్టడం నాకు నచ్చదు. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్లు ఉంటారు. కాలేజీకి ఒకసారి వెళ్లి రండి. గేటు దగ్గర కాదు, మధ్యాహ్నం క్యాంటీన్ దగ్గర మూడో ఏడాది పిల్లల్ని అడగండి: ల్యాబ్‌లు జరుగుతున్నాయా, పాఠాలు చెప్పేవాళ్లు ఏడాదికోసారి మారిపోతున్నారా, ప్లేస్‌మెంట్ అంటే నిజంగా ఎంతమందికి, ఏ జీతానికి. బ్రోషర్‌లో దొరకనివి అక్కడ పది నిమిషాల్లో దొరుకుతాయి. జేఎన్టీయూ సొంత కాలేజీలు కూకట్‌పల్లిలోనే కాదు, సుల్తాన్‌పూర్, జగిత్యాల, మంథని, వనపర్తి, సిరిసిల్లలో కూడా ఉన్నాయి. మీకు సిరిసిల్ల ఎంత దూరమో నేను చెప్పనక్కర్లేదు. ఊరి దగ్గరిదని చులకన చేసి జాబితాలో పెట్టనివాళ్లు చాలామంది.

రెండో విడత. ఇక్కడే ఎక్కువ మంది దెబ్బ తింటారు.

మొదటి విడతలో సీటు వస్తే, ఇచ్చిన గడువులోగా ఫీజు ఉంటే ఆన్‌లైన్‌లో కట్టి, వెబ్‌సైట్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (ఈ సీటులో చేరుతున్నానని తెలపడం) చేయాలి. చేయకపోతే సీటు రద్దు. చాలామంది "సీటు వచ్చింది కదా, కాలేజీ తెరిచాక వెళ్దాం" అనుకుని ఊరుకుంటారు. ఆ గడువు తేదీని క్యాలెండర్‌లో ఎర్రటి పెన్నుతో రాసుకోండి.

వచ్చిన సీటు కంటే మెరుగైంది కావాలంటే రెండో విడతలో పాల్గొనవచ్చు. పాత ఆప్షన్లు పనికిరావు, మళ్లీ కొత్తగా పెట్టాలి. కొత్త ఆప్షన్‌లో ఏది వచ్చినా పాత సీటు దానంతటదే పోతుంది, వెంటనే వేరొకరికి వెళ్లిపోతుంది. కొత్తది నచ్చలేదు, పాతది ఇవ్వండి అంటే ఇచ్చే దారి లేదు. ఆర్టీసీ బస్సులో కిటికీ సీటు ఖాళీ అయిందని లేచి వెళ్లినట్టు. కూర్చున్నాక పక్కన ఎండ కొడుతోందని వెనక్కి చూస్తే పాత సీట్లో ఇంకెవరో సంచి పెట్టుకుని కూర్చుని ఉంటారు.

ఒకమ్మాయికి మొదటి విడతలో ఇంటి నుంచి రోజూ వెళ్లి రాగలిగే కాలేజీలో ఈసీఈ వచ్చింది. ఇంట్లో అందరూ సంతోషించారు. రెండో విడత తెరిచాక వాళ్ల నాన్న "ఊరికే, ఏమొస్తుందో చూద్దాం" అని నెట్ సెంటర్‌లో ఓ ముప్పై సీఎస్ఈలు పెట్టించాడు. ఇరవై ఎనిమిదో నంబరు వచ్చింది. ఇంటికి చాలా దూరం, హాస్టల్ తప్పదు, హాస్టల్ ఫీజు ట్యూషన్ ఫీజంత. ఆ తండ్రి మా టేబుల్ ముందు నిలబడి "సార్, పాతదే ఇప్పించండి" అని చేతులు పట్టుకున్నాడు. మా చేతుల్లో ఏమీ లేదు. ఆ అమ్మాయి ఒక్క మాట మాట్లాడలేదు, నాన్న వైపు చూడలేదు కూడా.

కాబట్టి రెండో విడతలో, చేతిలో ఉన్న సీటు కంటే నిజంగా ఎక్కువ ఇష్టమైనవి మాత్రమే పెట్టండి. అవి మూడే అయితే మూడే. ఇక్కడ మాత్రం జాబితా పొట్టిగా ఉండడమే మంచిది, ఎందుకంటే వీటిలో ఏదీ రాకపోతే పాత సీటు అలాగే ఉంటుంది. మొదటి విడతలో పొడుగు జాబితా, సీటు వచ్చాక పొట్టి జాబితా. మొదటి విడతలో సీటే రాకపోయి ఉంటే, రెండోదానిలోనూ పొడుగు జాబితాయే. చివరి విడత కూడా ఇలాగే. అది అయ్యాక అదే కాలేజీలో బ్రాంచి మార్చుకునే ఇంటర్నల్ స్లైడింగ్ ఉంటుంది, ఆ పైన మిగిలిన సీట్లను కాలేజీలే నింపుకునే స్పాట్ అడ్మిషన్లు. స్పాట్‌లో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు, ఇది గుర్తుంచుకోండి.

ఫీజు. మీ ప్రశ్నలో "సర్కారు ఫీజు కడుతుంది కదా" అని ఒక మాట అన్నారు. అది సగం నిజం. బీసీలకు, ఈబీసీలకు (రిజర్వేషన్ లేని కులాల్లో ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు) ర్యాంకు 10 వేల లోపు ఉంటే కాలేజీ ఫీజు మొత్తం వస్తుంది. దాటితే గరిష్ఠంగా 35 వేలు. మిగతాది మీరే కట్టాలి, ప్రతి ఏడాదీ. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ర్యాంకుతో పని లేకుండా మొత్తం వస్తుంది. ఆదాయ పరిమితి బీసీలకు పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదివిన పిల్లలకు కొన్ని మినహాయింపులున్నాయి. అమ్మాయి గురుకులంలోనో సర్కారు జూనియర్ కాలేజీలోనో చదివి ఉంటే హెల్ప్‌లైన్ సెంటర్‌లో తప్పకుండా అడగండి.

మీ అమ్మాయిది 28 వేలు కాబట్టి 35 వేల లెక్కే. కాలేజీ ఫీజు లక్ష అనుకుందాం. మీ మీద పడేది ఏడాదికి 65 వేలు, నాలుగేళ్లకు 2 లక్షల 60 వేలు. బస్సు, హాస్టల్, పుస్తకాలు వేరే. రాష్ట్రంలో ఫీజులు నిర్ణయించే కమిటీ లెక్కల ప్రకారం 2022లో ఖరారైన ఫీజులు ఏడాదికి 45 వేల నుంచి లక్షా 60 వేల దాకా ఉన్నాయి. అంటే 45 వేల కాలేజీలో మీ చేతి నుంచి పోయేది 10 వేలు, పైదాంట్లో లక్షా పాతిక వేలు. ఆప్షన్లు రాసుకున్న కాగితం మీద ప్రతి కాలేజీ పక్కనా ఈ ఏడాది ఫీజు ఎంతో, అందులో 35 వేలు పోగా మిగిలేదెంతో రాయండి. అప్పుడు చూడండి, ఇంట్లో ఇష్టాల వరుస కొంచెం మారుతుంది. మారడం తప్పు కాదు. కట్టలేని కాలేజీని పైన పెట్టి, సీటు వచ్చాక అప్పుకు తిరగడం కంటే అది ముందే తేలడం మేలు.

ఇంకొకటి, రీయింబర్స్‌మెంట్ డబ్బు చాలాసార్లు ఆలస్యంగా విడుదలవుతుంది. కొన్ని కాలేజీలు ఆ లోపు మీరే కట్టండి, వచ్చాక తిరిగిస్తాం అంటాయి. పరీక్ష ఫీజు కట్టే సమయానికో, చివరికి సర్టిఫికెట్లు తీసుకునే సమయానికో ఈ పేచీ వస్తుంది. చేరే ముందే సీనియర్లను అడిగితే ఆ కాలేజీ తీరు తెలుస్తుంది.

మేనేజ్‌మెంట్ సీటు సంగతి. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్, ఎన్నారై కోటా దాంట్లోనే. మేనేజ్‌మెంట్ సీట్లు కూడా నోటిఫికేషన్ ఇచ్చి, దరఖాస్తులు తీసుకుని, మెరిట్ ప్రకారం నింపాలన్నది నిబంధన. డొనేషన్ తీసుకోవడం 1983 నాటి క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం ప్రకారమే నేరం. ఇదంతా కాగితం మీద. బయట ఏం నడుస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. నేను చెప్పేది రెండు విషయాలు. ఒకటి, మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఆ 35 వేలు కూడా రావు. రెండు, మొదటి విడత ఫలితం రాకముందే కట్టించుకోవాలని ఎవరైనా తొందర పెడితే, ఆ తొందర వాళ్ల కమీషన్ కోసం. మీకు కన్వీనర్‌లో ఏమొస్తుందో ఆయనకూ తెలియదు. మొదటి విడత అయ్యాక కూడా ఆ సీటు ఎక్కడికీ పోదు. ఒక చోట అడ్వాన్స్ కట్టి, తర్వాత కన్వీనర్ సీటు వచ్చి, ఆ అడ్వాన్స్ కోసం కాళ్లరిగేలా తిరిగినవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ముగ్గురున్నారు. ముగ్గురికీ రశీదు లేదు.

నెట్ సెంటర్ విషయంలో ఒక జాగ్రత్త. రిజిస్ట్రేషన్‌లో ఫోన్ నంబరు మీదే ఇవ్వండి. లాగిన్ ఐడీ, ఓటీపీ అన్నీ ఆ నంబరుకే వస్తాయి. పని త్వరగా అవుతుందని సెంటర్ వాళ్లు తమ నంబరు ఇచ్చేస్తారు. తర్వాత ఆప్షన్లు మార్చాలంటే వాళ్ల షట్టర్ తెరిచేదాకా ఆగాలి. పాస్‌వర్డ్ మీరే పెట్టుకోండి, వాళ్లు టైప్ చేసినా మీరు పక్కన కూర్చోండి. చివర్లో సేవ్ చేశాక ప్రింట్ తీసుకుని, ఇంట్లో రాసుకున్న కాగితంతో ఒక్కో నంబరూ సరిపోల్చుకోండి. వరుస తారుమారైన సందర్భాలు చూశాను, కావాలని చేసినవి కావు, ఆవలిస్తూ చేసినవి.

సర్టిఫికెట్లు: పది, ఇంటర్ మెమోలు, ర్యాంకు కార్డు, హాల్ టికెట్, ఆధార్, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ. ఆన్‌లైన్‌లో ప్రాసెసింగ్ ఫీజు కట్టి (బీసీలకు 1200, ఎస్సీ ఎస్టీలకు 600) స్లాట్ బుక్ చేసుకుని, ఆ సమయానికి హెల్ప్‌లైన్ సెంటర్‌కు వెళ్లాలి. వెరిఫికేషన్ అయితే గానీ ఆప్షన్లు పెట్టనివ్వదు. మా టేబుల్ దగ్గర ఎక్కువ మందిని వెనక్కి పంపింది ఆదాయ సర్టిఫికెట్ వల్లే. అది ఆ ఏడాది జనవరి 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. స్కాలర్‌షిప్ కోసం నిరుడు తీసింది ఉంది కదా అని తెస్తారు. చెల్లదు.

స్టడీ సర్టిఫికెట్లు ఎందుకంటే స్థానికత కోసం. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి. మీ అమ్మాయి అన్నీ ఇక్కడే చదివి ఉంటే మీకు దీంతో బెంగ లేదు. ఖమ్మం, నల్గొండ వైపు నుంచి విజయవాడకు వెళ్లి ఇంటర్ చదివే పిల్లలకు మాత్రం ప్రతి ఏడాదీ టెన్షనే. ఆరు నుంచి పది దాకా ఖమ్మంలో, ఇంటర్ రెండేళ్లు విజయవాడలో చదివితే, ఏడేళ్లలో ఐదేళ్లు ఇక్కడే కాబట్టి ఇంజినీరింగ్‌కు ఇక్కడి లోకలే. తమాషా ఏమిటంటే అదే పిల్లకు జేఈఈ మెయిన్‌లో మంచి ర్యాంకు వచ్చి ఎన్ఐటీకి (కేంద్ర ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీకి) వెళితే లెక్క తిరగబడుతుంది. అక్కడ హోం స్టేట్ అంటే పన్నెండో తరగతి పాసైన రాష్ట్రం. అందుకని ఆమెకు వరంగల్ ఎన్ఐటీలో కాదు, తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో సొంత రాష్ట్రం కోటా వస్తుంది. ఒకే పిల్ల, రెండు కౌన్సెలింగ్‌లకు రెండు రాష్ట్రాలు. మెడికల్ సీట్లకు స్థానికత నిబంధనలు మళ్లీ వేరు, దాన్ని ఇక్కడ కలపను.

ఆంధ్రప్రదేశ్ నుంచి చదువుతున్నవాళ్లకు ఒక మాట. ఆప్షన్లు ఇష్టం ప్రకారం పెట్టాలన్న సూత్రం మీకూ ఇదే. ఐఐటీ, ఎన్ఐటీ సీట్ల కోసం జరిగే జోసా కౌన్సెలింగ్‌కూ ఇదే. మీ దగ్గర ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది, తెలంగాణలో అది తీసేశారు. ఫీజుల పథకాల లెక్కలు మీవి వేరు.

సీటు ఖాయమై కాలేజీకి వెళ్లాక ఒరిజినల్ టీసీ ఇవ్వాలి. మిగతా ఒరిజినల్స్ చూపించి జిరాక్స్‌లు ఇస్తే చాలు. "అన్నీ మా దగ్గరే ఉంచండి" అంటే కుదరదని మర్యాదగా చెప్పండి. పది మెమో ఒకసారి లోపలికి పోతే, మధ్యలో మానేయాలన్నా వేరే చోటికి మారాలన్నా దాన్ని పట్టుకుని బేరాలు మొదలవుతాయి.

ఇప్పుడు మీరు చేయాల్సింది: బీరువాలోంచి ఆదాయ సర్టిఫికెట్ తీసి తేదీ చూడండి. పాతదైతే రేపు పొద్దున్నే మీసేవకు వెళ్లండి. ఈ నెలలో తహసీల్దార్ ఆఫీసులో అందరూ దానికోసమే ఉంటారు, వారం పట్టొచ్చు. ఆ లోపు అమ్మాయి కాగితం మీద వరుస రాయనివ్వండి. ఆ కాగితం ఇక్కడ పెడితే, కాలేజీ కోడ్‌లలో పొరపాట్లుంటే చూసి చెబుతాను. వరుస మాత్రం మార్చను, అది ఆమెది.